చౌమహల్లా జూడవోయిన ముచ్చట

ఇట్ల రాండ్రి, నెగడి దగ్గరికి జరిగి కూసోండ్రి. ఆ సెల్లు జేబుల వెట్టు బిడ్డా, అదేం పారిపోదు. ఎండకాలం సెలవులకు మైసూరు మహలు జూడవోతమని మీ అమ్మ అంటున్నదట గదా? పోండ్రి, నేనేం వద్దన. అయితె మహలు జూసుడంటె ఏందో నా తాన ఒక ముచ్చటుంది, అది ఇని పోండ్రి. తొందరవడితె నడువది. ఈ మొద్దు కాలేదాక నేను లేవ, మిమ్ముల లేవనియ్య.

మా చిన్నతనంల కథలాపూర్‌ల పట్నం అంటె హైదరాబాదే. పట్నం జూసొచ్చినోనికి నెలరోజులు మర్యాద నడిచేది. కచ్చీరుకాడ గద్దెమీద కూసోవెట్టి, బీడీ ముట్టిచ్చి మరీ చెప్పిచ్చుకునేది. అప్పుడు రూపాయలు గూడ రెండు తీర్లు. నిజాం సర్కారుది హాలీ సిక్కా, ఇంగ్లీషోళ్లది కల్దారు. నూరు కల్దార్లు కావాల్నంటె నూటపదారు హాలీల మీదనే వెట్టాలె. 1948ల పోలీసు చర్య అయి నిజాం రాజ్యం పోయినా, 1959 దాక హాలీ పైసలు చెల్లుతనే ఉండె. మా తాతకు మాత్రం ఆ లెక్క తలకాయల నుంచి పోలె. హాలీ బందయినంక గూడ కోరుట్ల అంగట్ల బెల్లం బేరం జేసుకుంట “ఇది హాలీ ధరనా, కల్దారు ధరనా?” అని అడిగేటోడు. కోమటాయన నవ్వి “నీకేది తక్కువనిపిస్తె అదే కాకా” అనేటోడు. పాపం, తాత అది నిజమనుకొని సంబురంగ ఇంటికొచ్చేటోడు.

ఏదో చెప్పవోయి ఏడికో పోయిన. మహలు కాడికి రావాలె.

ముసలి నిజాం ఉస్మాన్ అలీఖాన్ 1967ల పోయిండు గదా, ఆ తర్వాతి సంగతి. కోతలయినయి, వడ్లు అమ్మినం. బాపు ఇంటిల్లిపాదిని పట్నం తీస్కవోయిండు. అవ్వ జొన్నరొట్టెలు, ఎల్లిపాయకారం, ఇన్ని సకినాలు మూటగట్టింది. పట్నంల దొంగలుంటరని పైసలు బొడ్లసంచిల వెట్టి, దానిమీద రెండు ముళ్లు ఎక్కువేసింది. తర్వాత చాయకు పైసలియ్యాలంటె ఆ ముళ్లు ఇప్పుడు మా ఎవలతోని గాలె. చాయ దుకాణపాయనే పండ్లతోని ఇప్పి, తన పైసలు దీస్కొని మళ్ల ముడేసిచ్చిండు. గసొంటి దొంగలుండిరి పట్నంల!

గౌలిగూడ అడ్డాల దిగినం. రేకుల కప్పు గుండ్రంగ వంగి ఆకాశమంత ఎత్తుండె. 2018ల కూలిపోయిందది. ఆడికెంచి చార్మినార్, చార్మినార్ పక్కపొంటి ఖిల్వత్. గదే చౌమహల్లా. 1750ల సలాబత్ జంగ్ కట్టుడు షురూ జేస్తె, అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలానికి గాని పూర్తిగాలె. నూరేండ్లు! మన ఊర్ల ఇల్లు కట్టుడు రెండేండ్లు వడితెనే మేస్త్రీని తిట్టిపోస్తరు. ముసలి నిజాం పోయినంక మనుమడు ముకర్రం జాకు పట్టం గట్టింది గూడ ఆడనే.

అయితె మేం పోయేసరికి దర్వాజ బందున్నది. కావలాయన “అందర్ జానా మనా హై” అన్నడు. బాపు రుమాలు సవరిచ్చుకొని శానసేపు బతిమాలిండు. ఆయన మంచోడే, మాకు మంచినీళ్లిచ్చిండు గని లోపలికి మాత్రం ఇడువలె. దర్వాజ మీది గడియారం జూసి, గోడ జూసి మర్లినం.

ఇగ అసలు ముచ్చట ఇను. ఊరికొచ్చినంక బాపును కచ్చీరుకాడ గద్దెమీద కూసోవెట్టిండ్రు. “మహల్ల ఏముందిరా?” అనడిగిండ్రు. దర్వాజ బందున్నదంటె మర్యాద ఏముంటది? బాపు ఒకసారి దగ్గి, “నేలంత వెండి పలకలు. దీపాలు లెక్కవెడితె తెల్లారింది” అన్నడు. నేను నోరు దెరువవోతె అవ్వ తొడపాశం వెట్టింది.

మహలును బాగుజేయించి 2005ల జనానికి తెరిచిండ్రు. ఆ తర్వాత పిల్లజెల్లతోని నేను గూడ టికెటు గొని లోపలికి పోయిన. దర్బారు హాలు పాలరాతిది. పందొమ్మిది బెల్జియం గాజు దీపాల గుత్తులు. అఫ్జల్, మహతాబ్, తహనియత్, అఫ్తాబ్ అని నాలుగు మహళ్లు. ఒకప్పుడు 45 ఎకరాలట, ఇప్పుడు మిగిలింది 12. 1912 నాటి రోల్స్ రాయిస్ కారొకటుంది, మెట్‌పల్లి పసుపుకొమ్ము లెక్క పచ్చగ మెరుస్తది. అన్ని బాగున్నయి, అబద్ధమెందుకు. గని బాపు చెప్పిన మహలే దీనికన్న పెద్దగుండె.

ఇగ ఆ దొరల తీరు జూడుండ్రి. ఆరో నిజాం మహబూబ్ అలీ తొడిగిన బట్ట మళ్ల తొడగడని పేరు. పురానీ హవేలీల ఆయన బట్టల అల్మారాలు రెండంతస్తులున్నయి. కొడుకు ఉస్మాన్ అలీ లోకంల అందరికన్న సంపన్నుడని 1937ల టైమ్ పత్రిక అట్ట మీద బొమ్మేసింది. ఆయనేమొ మాసిన టోపీ వెట్టుకొని కింగ్ కోఠీల ఉండేటోడు. తండ్రి తొడిగింది తొడగలె, కొడుకు తొడిగింది ఇప్పలె! 184 క్యారట్ల జాకబ్ వజ్రం తండ్రి జోడు కొనల దొరికితె, కాయితాలు ఎగరకుంట మీద వెట్టుకున్నడట. రాజుల సొమ్ము రాళ్లపాలన్నరు పెద్దలు. ఆ వజ్రంతోని కలిపి నగలన్ని 1995ల ఢిల్లీ సర్కారు 218 కోట్లకు కొన్నది, బ్యాంకుల తాళమేసింది. ఆ సొమ్ముల మా తాత శిస్తు గూడ ఉన్నది. అది హాలీలనే కట్టిండు.

నిద్రొస్తుందా? అయిపాయె, కూసో. మైసూరు పోయేముందు ఒక్క మాట. మన జగిత్యాల ఖిల్లా 1747ల జఫరుద్దౌలా కట్టిచ్చింది. ఫ్రెంచి ఇంజనీర్లు నక్షా గీసిండ్రు, చుట్టు కందకం, చుక్క ఆకారం. మీల ఒక్కలన్న లోపలికి పోయిండ్రా? బస్టాండుల మిర్చిబజ్జీ తిని మర్లొచ్చుడే గదా! పెరటిచెట్టు మందుకు రాదన్నట్టే ఉన్నది మీ కథ. ఐతారం పోదం, బండి దియ్యుమని మీ నాయినకు చెప్పుండ్రి. ఆడికి నన్ను గూడ తీస్కపోవాలె.