మేకలున్నాయి, ముద్ర లేదు
(రేడియో ప్రసంగ పాఠం)



మాది తెలంగాణ. దసరా అంటే ఇంట్లో మాంసం ఉడకాల్సిందే. కిందటి దసరాకి మేము నాలుగు కుటుంబాలవాళ్ళం సియాటిల్ నుంచి గంట పైచిలుకు ప్రయాణం చేసి, స్కాజిట్ లోయలో ఒక మేకల రైతు దగ్గరికి వెళ్ళాం. కంచె అవతల నలభై మేకల దాకా మేస్తున్నాయి. "ఓ పది పౌన్ల మాంసం ఇస్తారా?" అని అడిగాను. ఆ పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. మేకను ప్రాణంతో కొనుక్కుంటే అమ్ముతాడట, మాంసం మాత్రం ఒక్క పౌను కూడా అమ్మడానికి చట్టం ఒప్పుకోదట.

నాకు నవ్వొచ్చింది. మా ఊళ్ళో పండగ పొద్దున యాటను కోసి, పోగులు వేసి, మోదుగాకుల్లో కట్టి పంచుకునేవాళ్ళు. అడ్డు చెప్పేవాడెవడు? కానీ ఆయన నవ్వలేదు. దగ్గర్లో ప్రభుత్వ తనిఖీ ఉన్న కబేళా దొరకక, ఏడాదో రెండేళ్ళో చూసి మంద అమ్మేద్దామనుకుంటున్నానన్నాడు.

కంప్యూటర్ సిస్టమ్ ఎక్కడ తెగుతుందో వెతకడం నా ఉద్యోగం. ఈ గొలుసు ఎక్కడ తెగిందా అని వెతుకుతూ పోతే నూట యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది.

1865 డిసెంబరులో షికాగోలో యూనియన్ స్టాక్‌యార్డ్స్ తెరిచారు. రైళ్ళన్నీ అక్కడ కలుస్తాయి గనక పశువులన్నీ అక్కడికే చేరాయి. 1870ల చివర గుస్తావస్ స్విఫ్ట్ అనే వ్యాపారి మంచుగడ్డలతో చల్లబరిచే రైలు పెట్టెలు నడిపించాడు. అప్పటిదాకా పశువు ప్రాణంతో ప్రయాణం చేసేది, ఆ తరువాత మాంసమే ప్రయాణం చేయసాగింది. ఊరి కబేళాకు మొదటి దెబ్బ అదే.

1906లో అప్టన్ సింక్లెయిర్ 'ది జంగిల్' నవల పుస్తకంగా వచ్చింది. ఆయన రాసింది కబేళా కూలీల కష్టాల గురించి. జనం మాత్రం తమ పళ్ళెంలోకి ఏం వస్తోందో చూసి హడలిపోయారు. ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ విచారణ జరిపించి, అదే ఏడాది జూన్ 30న మాంసం తనిఖీ చట్టం మీద సంతకం చేశాడు. ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ పశువును ప్రాణంతో ఉన్నప్పుడు ఒకసారి, కోశాక ఒకసారి చూసి ముద్ర వేయాలి. ఆ చట్టం పట్టుకున్నది రాష్ట్రాల సరిహద్దు దాటే మాంసాన్ని. 1967లో దాన్ని రాష్ట్రాల లోపల అమ్మే మాంసానికి కూడా విస్తరించారు. నేల, గోడలు, నీళ్ళు, డ్రైనేజీ అన్నీ కొత్తగా కట్టుకోలేక చాలా చిన్న కబేళాలు మూతపడ్డాయి.

అలాగని చట్టాన్ని తిట్టుకుందామా? 1993లో మన వాషింగ్టన్ రాష్ట్రంలోనే సరిగ్గా ఉడకని హాంబర్గర్లు తిని వందల మంది జబ్బుపడ్డారు. అన్ని రాష్ట్రాలూ కలిపి ఏడు వందల మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. పిల్లలున్న ఇంట్లో ఎవరూ తనిఖీ వద్దనరు.

ఇంకోపక్క పెద్ద కంపెనీలు ఇంకా పెద్దవయ్యాయి. 1980లో కోతకు వెళ్ళే పశువుల్లో, అంటే మేపి పెంచిన ఎడ్లు, పెయ్యల్లో 36 శాతం నాలుగు కంపెనీల చేతుల్లో ఉండేవి. ఆ తరువాత అది దాదాపు 85 శాతానికి చేరింది. వేలల్లో పశువులను కోసే ప్లాంటుకి మన పెద్దాయన నాలుగు మేకలతో వెళ్తే ఎవరు పలకరిస్తారు?

ఈ ముడిని విప్పినవాళ్ళు మన పక్కనే ఉన్నారు. అనకోర్టెస్ నుంచి ఫెర్రీ ఎక్కి శాన్ వాన్ దీవులకి మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. అందులో లోపెజ్ ఒక చిన్న దీవి. వంతెన లేదు. పశువును కోయించాలంటే ఫెర్రీ ఎక్కించి అవతలి ఒడ్డుకి తీసుకుపోవాలి. ఖర్చు, పశువుకి బెదురు, రోజంతా పని పాడు. అందుబాటు ధరల్లో ఇళ్ళ కోసం 1989లో అక్కడ ఏర్పడిన లోపెజ్ కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్ట్ ఈ బాధనూ నెత్తికెత్తుకుంది.

దీవిలో కబేళా కడితే దాన్ని పోషించేటన్ని పశువులు లేవు. అందుకని వాళ్ళు కబేళానే చక్రాల మీద పెట్టారు. ఒక ట్రెయిలర్, అందులో పశువును పైకెత్తే యంత్రం, కడగడానికి నీళ్ళు, చల్లగా ఉంచే గది. దానితోపాటు ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ రైతు పొలానికే వస్తాడు. ముద్రపడిన మాంసం స్కాజిట్ కౌంటీలోని బో అనే ఊరికి వెళ్ళి, అక్కడ ముక్కలై పొట్లాలవుతుంది. రైతులే ఐలాండ్ గ్రోన్ ఫార్మర్స్ కోఆపరేటివ్ అనే సహకార సంఘం పెట్టుకుని 2002 నుంచి నడిపించారు. దేశంలో కేంద్ర తనిఖీ పొందిన మొదటి సంచార కబేళా అదే. వాళ్ళు చట్టంతో తగవు పెట్టుకోలేదు, ఇన్‌స్పెక్టర్ నిలబడడానికి చోటు చూపించారు.

2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల పెద్ద ప్లాంట్లు మూతపడినప్పుడు ఈ లెక్క దేశానికంతటికీ అర్థమైంది. ఒకచోట తెగితే అంతా ఆగే సిస్టమ్‌ని మేమెవరం మంచి డిజైన్ అనం. దుకాణాల్లో అరలు ఖాళీ, పొలాల్లో పందులు మిగిలిపోయాయి. చిన్న కబేళాల్లో ఏడాది తరువాతి తేదీలు ఇచ్చారు. 2022 జనవరిలో ప్రభుత్వం స్వతంత్ర మాంసం ప్లాంట్ల కోసం వంద కోట్ల డాలర్లు ప్రకటించింది.

అయితే డబ్బుతో గోడలు లేస్తాయిగాని కబేళా నడవదు. రైతులందరికీ అక్టోబరు, నవంబరు తేదీలే కావాలి, గడ్డి అప్పటికి అయిపోతుంది గనక. ఫిబ్రవరిలో ఎవరూ రారు. పనివాళ్ళకి జీతం మాత్రం పన్నెండు నెలలూ ఇవ్వాలి. చిన్న ప్లాంట్లను ముంచేది ఎక్కువగా ఈ ఖాళీ నెలలే.

ఇక్కడే మన సంగతి వస్తుంది. మేకమాంసం మనకి పండగ వంట మాత్రమే కాదు, ఆదివారం వంట కూడా. ఎండాకాలమైనా వానాకాలమైనా మనకి కావాలి. ఖాళీ నెలల్ని నింపగలిగిన బేరం మనదే.

ఆ రోజు మేము నాలుగు కుటుంబాలం కలిసి ఒక మేకపోతును ప్రాణంతోనే కొన్నాం. సొంతదారులు ఇంటి వాడకానికి కోయించుకోవచ్చని చట్టంలో వెసులుబాటు ఉంది. పొట్లాల మీద 'అమ్మకానికి కాదు' అని ముద్ర వేసి ఇచ్చారు. గరాజ్‌లో నాలుగు పోగులు వేశాం. మోదుగాకులు ఒక్కటే తక్కువ.

వచ్చేముందు పెద్దాయనతో, ఫిబ్రవరిలో మళ్ళీ వస్తాం, ఎనిమిది కుటుంబాలం వస్తాం అని చెప్పాను. ఆయన కేలెండరు తీసి రాసుకున్నాడు. మంద అమ్మే మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

సెలవు.