పవర్ బటన్ పోతే ఏం పోతుంది? ఫోన్ మీటల కథ

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక్క పని చేయండి. మీ ఫోన్ పక్కనున్న పవర్ బటన్ ఒకసారి నొక్కండి. టిక్‌మని తగిలిందా? లేక మెత్తగా లోపలికి పోయి, రెండోసారి గట్టిగా నొక్కితేగానీ స్క్రీన్ వెలగలేదా? రెండోదైతే ఈ కథ మీ కోసమే.

మా వెల్దుర్తిలోనే కాదు, పల్నాడులో ఎక్కడికెళ్లినా ఇలాంటి ఫోన్లు కనిపిస్తాయి. బటన్ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. స్క్రీన్ మీద రెండు దెబ్బలు తట్టి లేపుతుంటారు. అడిగితే "పని జరుగుతోందిగా, ఇంకెందుకు?" అంటారు. నిజమే, పని జరుగుతోంది. కానీ ఆ చిన్న మీట మీద మన దేశ ప్రభుత్వం చాలా పెద్ద బరువే పెట్టింది. ఆ బరువు దాని మీదికి ఎలా వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఫోన్‌కు మీటలు వచ్చింది 1963లో. అప్పటిదాకా వేలు పెట్టి తిప్పే డయల్ ఉండేది. ఆ ఏడాది నవంబర్‌లో అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ నొక్కే అంకెల ఫోన్ తెచ్చింది. సెల్‌ఫోన్లు వచ్చాక అవే అంకెలు మన జేబులోకి దిగాయి.

2003లో వచ్చిన నోకియా 1100 గుర్తుందా? మీకు గుర్తులేకపోయినా మీ నాన్నకు గుర్తుంటుంది. ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడైంది. మనలాంటి ఊళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన ఫోన్ అది. దుమ్ము లోపలికి పోకుండా కీప్యాడ్ అంతా ఒకే రబ్బరు ముక్క. కరెంటు పోతే వెలిగించడానికి పైన టార్చి. మిరప కల్లంలో చెమట చేతులతో పట్టుకున్నా, పొలం గట్టు మీద పడేసినా బతికేది. అంకెలు అరిగిపోయి కనపడకపోయినా వేళ్లకు లెక్క తెలుసు కాబట్టి నంబర్ కొట్టేసేవాళ్లు. కీప్యాడ్ మరీ పాడైతే ప్యానెల్ విప్పి కొత్త రబ్బరు వేసుకుంటే సరి. ఆ పని ఇంట్లో కూర్చుని కూడా చేసుకునేవాళ్లు.

2007లో ఐఫోన్ వచ్చాక ఆ డజనుకు పైగా ఉన్న మీటలన్నీ అద్దం కిందికి వెళ్లిపోయాయి. బయట మిగిలినవి నాలుగైదు: హోమ్, పవర్, వాల్యూమ్. ఇక్కడే అసలు మెలిక ఉంది. మీటలు తగ్గాయి, కానీ మిగిలిన వాటి మీద పని పెరిగింది. ముందు పన్నెండు కీలు పంచుకున్న నొక్కుళ్లన్నీ ఒకటి రెండు మీటల మీద పడ్డాయి.

ఆ మీట లోపల ఏముంటుందో చెప్తాను. పలచటి స్టీలు రేకుతో చేసిన చిన్న గుమ్మటం ఉంటుంది, బోర్లించిన గిన్నెలాగా. నొక్కితే అది లోపలికి వంగి కింది కాంటాక్టును తాకుతుంది. వదిలితే ఎగిరి మళ్లీ మామూలుగా నిలబడుతుంది. మన వేలికి తెలిసే ఆ టిక్ దీనిదే. దాన్నుంచి బోర్డుకు సిగ్నల్ తీసుకెళ్లేది కాగితంలా వంగే పట్టీ. రిపేర్ షాపులో ఆన్-ఆఫ్ స్ట్రిప్ అంటారే, అదే.

ఇది నాలుగు రకాలుగా పాడవుతుంది. వంగి వంగి రేకు పగలొచ్చు. దుమ్ము, చెమట చేరి కాంటాక్టుకు చిలుం పట్టొచ్చు. స్ట్రిప్ మడత దగ్గర చిట్లొచ్చు. లేదా బయటి మీట ఇరుక్కుని లోపలే ఉండిపోవచ్చు. ఇరుక్కున్న మీట చచ్చిన మీట కంటే ప్రమాదం. పవర్ బటన్ ఇరుక్కుంటే ఫోన్ దానంతటదే ఆఫ్ అయి ఆన్ అవుతూ తిరుగుతుంటుంది.

ఇలాంటి స్విచ్‌లను మామూలుగా లక్ష నుంచి పది లక్షల నొక్కుళ్లు తట్టుకునేలా చేస్తారు. లక్ష అంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది కదా? లెక్క వేద్దాం. రోజుకు వందసార్లు నొక్కితే ఏడాదికి 36,500. మూడేళ్లు నిండకముందే లక్ష దాటిపోతుంది. ఈఎంఐ కట్టడం అయిపోయిన కొన్నాళ్లకే మీట వయసు కూడా అయిపోతుందన్నమాట.

ఖరీదైన ఫోన్లు దీనికి అతీతం అనుకోవద్దు. 2014 ఏప్రిల్‌లో యాపిల్ సంస్థే, 2013 మార్చి వరకు తయారైన ఐఫోన్ 5లలో కొన్నింటికి పవర్ బటన్ పనిచేయడం మానేయొచ్చని ఒప్పుకుని ఉచితంగా మార్చి ఇచ్చింది. అంతకుముందు 2011లో అదే సంస్థ స్క్రీన్ మీద తేలే ఒక గుండ్రటి బటన్ ఇచ్చింది. మీటలు నొక్కడం కష్టమైన దివ్యాంగుల కోసం చేసింది అది. హోమ్ బటన్ పాడైనవాళ్లంతా దాన్నే వాడుకున్నారు.

కంపెనీలకు విషయం అర్థమైంది. కదిలేది ఏదైనా అరుగుతుంది కాబట్టి కదలకుండా చేస్తే సరిపోతుంది. 2011లో గెలాక్సీ నెక్సస్ హోమ్, బ్యాక్ బటన్లను స్క్రీన్ లోపలికి తీసుకెళ్లింది. 2013లో ఎల్‌జీ జీ2 రెండుసార్లు తడితే లేచేది. 2016లో ఐఫోన్ 7 హోమ్ బటన్ అసలు కదలదు, లోపలి మోటారు అదిరి నొక్కినట్టు మన వేలిని నమ్మిస్తుంది. 2017లో ఐఫోన్ టెన్‌తో ఆ బటనే పోయింది. చివరికి పవర్, వాల్యూమ్ మిగిలాయి.

సరిగ్గా ఈ సమయంలోనే మన దేశంలో ఇంకో కథ నడిచింది. 2016 ఏప్రిల్‌లో కేంద్ర టెలికాం శాఖ ఒక నిబంధన తెచ్చింది. 2017 జనవరి 1 నుంచి అమ్మే ప్రతి ఫోన్‌లో ఆపద బటన్ ఉండాలి. కీప్యాడ్ ఫోన్‌లో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకోవాలి. స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్ గబగబా మూడుసార్లు నొక్కితే కాల్ వెళ్లాలి. ఆడపిల్లల భద్రత కోసం తెచ్చిన నిబంధన ఇది. 2019 ఫిబ్రవరిలో మన రాష్ట్రం 112 వ్యవస్థలో చేరింది.

ఆలోచన మంచిదే. చీకట్లో, చూడకుండా, జేబులో చెయ్యి పెట్టి నొక్కగలిగేది మీట ఒక్కటే. అద్దాన్ని తడిమితే ఎక్కడ ఏముందో తెలియదు. కానీ చూడండి, ఫోన్‌లో అన్నిటికంటే ఎక్కువ అరిగే భాగం మీదే ప్రాణం పెట్టాం. నెమ్మదిగా ఒకసారి నొక్కితేనే పలకని మీట, భయంలో మూడుసార్లు నొక్కితే పలుకుతుందా?

దీనికి జవాబు లాంటిది మన రాష్ట్రంలోనే వచ్చింది. 2020 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో మొదలైన దిశ యాప్‌లో, బటన్ వెతుక్కునే టైం లేకపోతే ఫోన్‌ను గట్టిగా ఊపితే చాలు, పోలీసులకు సమాచారం వెళ్లేలా పెట్టారు. తర్వాత 2025 మార్చి 8న మన పక్కనే మార్కాపురంలో శక్తి యాప్ మొదలైంది. మీట అరిగినా చెయ్యి ఊపడం మర్చిపోదు కదా. అయితే దానికి యాప్ వేసి ఉండాలి, అన్నిటికంటే ముందు ఫోన్ ఆన్‌లో ఉండాలి. బటన్ పోయిన ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఆగిపోతే, ఛార్జర్ పెట్టినా చాలాసార్లు బ్యాటరీ బొమ్మే వస్తుంది, ఫోన్ లేవదు.

అందుకే చెప్తున్నా. సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ అని వెతకండి. మీ ఫోన్‌లో మూడు నొక్కుళ్లా, ఐదా చూసుకోండి. మోడల్‌ను బట్టి మారుతుంది. పరీక్ష కోసం మాత్రం 112కి కాల్ చేయొద్దు, ఆ లైన్ నిజంగా ఆపదలో ఉన్నవాళ్లది. వేలిముద్రతో, తట్టి లేపే ఆప్షన్‌తో పని కానిచ్చి, పవర్ బటన్‌ను అవసరానికి దాచుకోండి. ఇప్పటికే పోయి ఉంటే స్ట్రిప్ మార్పించండి. స్క్రీన్ మార్చడంతో పోలిస్తే అది చిన్న ఖర్చే.

ముఖ్యంగా ఇంట్లో అమ్మ ఫోన్ చూడండి. మనం వాడి వాడి, బటన్ వదులయ్యాక కదా అమ్మకిచ్చేది! ఈ రోజు ఇంటికెళ్లగానే ఆ ఫోన్ తీసుకుని ఒక్కసారి నొక్కి చూడండి. టిక్ అనకపోతే, ఇంట్లో ముందు బాగు చేయించాల్సింది ఆ ఫోనే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.