సముద్రం తిరిగిచ్చిన ముఖాలు

2011 మార్చి 11, శుక్రవారం. మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలు. జపాన్ ఈశాన్య తీరాన్ని భూకంపం కుదిపేసింది. సైరన్లు మోగుతున్నాయి. ఊరు ఊరంతా గట్టు మీదికి పరుగులు తీస్తుంటే, ఒక్క మనిషి మాత్రం సముద్రం వైపు వెళ్తున్నాడు. ఆయన అగ్నిమాపక దళంలో ఉద్యోగి. సునామీ వచ్చేలోపు తీరంలోని గేట్లన్నీ మూసుకునేలా చూడటం ఆయన బాధ్యత.

ఆయన ఇద్దరు కొడుకులూ ఆ సమయానికి వేర్వేరు బడుల్లో ఉన్నారు. ఒకడు నీళ్లలో చిక్కుకున్నాడు. ఎవరు ఎక్కడున్నారో, అసలు ఉన్నారో లేరో తెలియక ఆయన భార్య వారం రోజులు వెతికింది. గేట్లు మూయడానికి వెళ్లి తిరిగిరాని అగ్నిమాపక సిబ్బంది ఆ తీరంలో ఎందరో ఉన్నారు. ఈమె భర్త మాత్రం తిరిగొచ్చాడు. పిల్లలిద్దరూ దొరికారు. ఇల్లు మాత్రం ఆనవాలు లేకుండా పోయింది.

ఆ ఇల్లుండే చోటికి చాలా దూరంలో, శిథిలాల్లో, ఆమె భర్త తోటి ఉద్యోగులకు కొన్ని ఫొటోలు కనపడ్డాయి. బురద పట్టి, ఉప్పునీళ్లలో నాని ఉన్నాయి. అయినా వాటిలో ఉన్నది తమవాడేనని గుర్తుపట్టి తీసుకొచ్చి ఇచ్చారు.

ఆమె వాటిని తనే కడగడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆపేసింది. తను చెయ్యి పెట్టినకొద్దీ బొమ్మ పోతోందని ఆమెకు అర్థమైంది.

ఎందుకు పోతుందో చెప్పాలి. రంగుల ఫొటో అంటే కాగితం మీద జిలటిన్‌లో పరిచిన మూడు రంగుల పొరలు. అన్నిటికంటే పైన ఆకాశనీలం, మధ్యలో ముదురు గులాబీ, అడుగున పసుపు. జిలటిన్ నీళ్లలో నానితే మెత్తబడుతుంది, బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. పై పొర కరిగిన చోట బొమ్మ ఎర్రబడుతుంది. రెండోదీ పోతే పసుపు మిగులుతుంది. మూడూ పోతే ఉత్త తెల్ల కాగితమే. వరదలో తడిసిన ఆల్బమ్ తెరిస్తే అంచుల్లో ఎరుపు, పసుపు, తెలుపు మంటల్లా కనిపించేది ఇందుకే. ఆ దశలో వేలితో రుద్దితే ముక్కూ మూతీ వేలికే అంటుకొస్తాయి.

ఆ తీరంలోనే, ఇవాతే రాష్ట్రంలో ఓఫునాతో అనే రేవు పట్టణం ఉంది. అప్పటికి జనాభా దాదాపు 40,000. సునామీ నీళ్లు అక్కడ 24 మీటర్ల ఎత్తుదాకా ఎగసినట్టు నమోదైంది. మే నెలలో ఆ ఊరికి వచ్చిన స్వచ్ఛంద సేవకుల్లో బెకీ మాన్సన్ ఒకరు. ఆమె వృత్తి ఫొటో రీటచింగ్. మోడళ్ల చర్మం నున్నగా, నడుము సన్నగా చేసే పని. ఆల్ హ్యాండ్స్ వాలంటీర్స్ అనే సంస్థ తరఫున మూడు వారాలు ఉందామని వచ్చారు. కాలువల్లో శిథిలాలు తీయడం, ఇళ్లలో బురద ఎత్తిపోయడం, కుళ్లిన చేపలు మోయడం అక్కడి పని.

వారం తిరిగేసరికి ఆమెను ఒక పునరావాస కేంద్రంలో ఉమ్మడి స్నానపు తొట్లు కడగడానికి పంపారు. ఊళ్లో దొరికిన ఫొటోలన్నీ తెచ్చి ఇస్తున్నదీ అక్కడే. వందేళ్లు దాటినవి కొన్ని, స్టూడియో కవరులోంచి ఇంకా బయటికి తీయనివి కొన్ని. వాటిని కడగడానికి ఆమెనూ చెయ్యి కలపనిచ్చారు. చిరుగు చూస్తే అతికించగలననిపించింది, గీత చూస్తే చెరపగలననిపించింది. ఈ పని తెలిసినవాళ్లు తనకు వందలమంది ఎరుక. ఆ సాయంత్రమే ఫేస్‌బుక్‌లో అడిగారు. తెల్లారేసరికి జవాబులు వచ్చిపడ్డాయి. రెండు వారాలకు 150 మంది సిద్ధమయ్యారు.

మొదట చేతికొచ్చింది ఒక చిన్నపిల్ల ఫొటో. పెద్దగా పాడవలేదు. నీళ్లు తగిలి ముఖం మీద రంగు మారిందంతే. కానీ ఈ పనిలో అన్నిటికంటే గడ్డు పని అదే. గోడ మీద మచ్చ పోగొట్టడానికి పక్కనున్న గోడ రంగు తెచ్చి అద్దితే సరిపోతుంది. బుగ్గ మీద అలా చేస్తే బుగ్గ ఉబ్బు మారుతుంది, కనురెప్ప వాలు మారుతుంది. మచ్చ పోతుంది, కానీ ఆ పిల్ల ఇంకో పిల్ల అయిపోతుంది. అది ఫొటో పాడవడంకంటే తక్కువ నష్టమేమీ కాదని మాన్సన్ అభిప్రాయం. నేనూ అదే అంటాను.

అందుకే చేయి తిరిగినవాళ్లు ఫొటోషాప్ తెరవగానే బ్రష్ పట్టుకోరు. ముందు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లను విడివిడిగా చూస్తారు. పై పొరలు కరిగిపోయినా అడుగునున్న పసుపు పొరలో ముఖం మిగిలి ఉంటే, అది నీలం ఛానెల్‌లో నలుపు తెలుపులో కనిపిస్తుంది. కన్ను ఎక్కడుందో, పెదవి గీత ఎటు తిరిగిందో దాన్ని బట్టి తెలుస్తుంది. మిగతాది దాని మీద కడతారు. దిద్దుబాటు ప్రతిదీ వేరే లేయర్ మీదే, అసలు స్కాన్‌ను తాకరు. ఒక ఫొటోలో కిమోనో దాదాపుగా మళ్లీ చేత్తో గీయాల్సి వచ్చింది. మిగిలిన రంగు తునకలు ఏరి, వాటి ఆధారంగా పువ్వు తర్వాత పువ్వు నిలబెట్టారు. కొన్ని ఫొటోలు గంటలో అయ్యేవి, కొన్నిటికి నెలలు పట్టేవి.

కడగనిదే, ఆరనిదే, సొంతదారు వచ్చి తమదని చెప్పనిదే ఏ ఫొటోనూ దిద్దేవాళ్లు కాదు. కడగడం ఎలాగో స్థానిక మహిళ ఒకరు నేర్పించారు. ఇది పచ్చబొట్టు పొడవడం లాంటిదని, తప్పు చేస్తే దిద్దుకునే వీలుండదని మాన్సన్ బృందానికి నాయకత్వం వహించినవారు ఒకసారి అన్నారట.

జూలై నాటికి పని పక్కనున్న రికుజెన్‌తకాతకూ పాకింది. ఆ ఊళ్లో 1,700 మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. తీరంలో ఉన్న 70,000 పైన్ చెట్లలో ఒక్కటి నిలబడింది. మన ఇళ్లలో పోయినవాళ్ల పటానికి దండ వేసినట్టే, జపాన్ ఇళ్లలో పూజామందిరం దగ్గర వాళ్ల ఫొటో పెడతారు. అంత్యక్రియలకూ ఆ ఫొటో కావాలి. పెద్దల ఫొటో ఒక్కటీ మిగలని ఇళ్లలో ఆ లోటు ఎంతటిదో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. తాత్కాలికంగా పెట్టిన ఫొటోల గదుల్లో వారానికోసారి స్కానర్ పెట్టేవారు. స్కానర్ ఎన్నడూ చూడని ముసలమ్మలు తమ ఫొటో ఏరుకుని ఇస్తే, పది నిమిషాల్లో అది భూమికి అవతలి పక్క ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి కంప్యూటర్‌కు చేరేది.

అగ్నిమాపక ఉద్యోగి ఇల్లాలు కూడా అలాగే వచ్చింది. దంపతుల ముఖాలు ఒక ప్రింటులో పూర్తిగా చెరిగిపోయాయి. ఏ సాఫ్ట్‌వేరూ వాటిని తేలేదు. అదృష్టం, అదే ఫొటోకు ఇంకో ప్రతి ఉంది. దీనిలో బాగున్న భాగం, దానిలో బాగున్న భాగం కలిపి నిండు ఫొటో చేశారు. ఆమె వచ్చి తీసుకున్న రోజు చిన్నకొడుకు పద్నాలుగో పుట్టినరోజు. సునామీ తాకిడి గుర్తు లేని వస్తువు ఒకటి ఆ పిల్లాడి చేతికి మళ్లీ వచ్చింది.

ఆరు నెలల్లో కడిగిన ఫొటోలు 1,35,000 పైచిలుకు. వాటిలో ఎక్కువ భాగం సొంతదారులకు చేరాయి. దిద్దడానికి ప్రపంచం నలుమూలల నుంచి 500 మందికి పైగా పనిచేశారు, 90 కుటుంబాలకు వందల ఫొటోలు తిరిగి ఇచ్చారు. సామగ్రికి అయిన ఖర్చు వెయ్యి డాలర్లు దాటలేదు. అందులోనూ ఎక్కువ ప్రింటర్ ఇంకుకే.

ఇప్పుడు కృత్రిమ మేధ యాప్‌లు ఈ పని క్షణంలో చేస్తామంటున్నాయి. గీతలు, మరకలు తీయడానికి పనికొస్తాయి. ముఖం దగ్గర మాత్రం జాగ్రత్త. అవి పోయిన ముఖాన్ని వెతకవు, ఊహించి గీస్తాయి. కళ్లు మెరుస్తాయి, చర్మం నున్నబడుతుంది. చూడటానికి బాగుంటుంది గానీ ఆయన మీ తాతయ్య కాడు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. మళ్లీ ఎక్కడైనా అలాంటిది జరిగితే ఇది గుర్తుంచుకోండి. అంటుకున్న ఫొటోలను పీకొద్దు, ఎండలో పెట్టొద్దు. చల్లని మంచినీళ్ల బేసిన్‌లో వేసి, బొమ్మ వైపు తాకకుండా అంచులు పట్టుకుని తీయండి. బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టండి. రెండు రోజుల్లోపు ఆ పని కుదరదనుకుంటే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫ్రీజర్లో ఉంచండి.

వరద వచ్చేదాకా ఆగకండి కూడా. మీ ఇంటి పెళ్లిఫొటోకు ఇంకో ప్రతి మేనత్త ఇంట్లోనో, పెదనాన్నగారి బీరువాలోనో ఉండే ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు అడిగి తెచ్చుకుని స్కాన్ చేయించండి. అందులో ఎవరెవరు ఉన్నారో చెప్పగలిగిన పెద్దలు ఉండగానే పేర్లు రాసిపెట్టుకోండి.