'రాజకీయం' పదానికి అర్థవిస్తరణ: నిజాం తెలంగాణ అనుభవం, చిన్నగూడూరు రచయితల సాక్ష్యం

ప్రవేశిక

రాజ్యాన్ని, అధికారాన్ని అధ్యయనం చేసే శాస్త్రాన్ని తెలుగులో 'రాజనీతి శాస్త్రం' అంటున్నాం. ఊళ్లో ఎవరినైనా 'రాజకీయం చేస్తున్నాడు' అంటే కుట్ర పన్నుతున్నాడని అర్థం. ఒకటి గౌరవవాచకం, మరొకటి నిందావాచకం. రెండింటికీ మూలం 'రాజు'. రాజులు పోయి, పాలకులను ప్రజలే ఎన్నుకుంటున్న కాలంలో కూడా ఆ వ్యవహారాన్ని చెప్పే మాటలో రాజే మిగిలాడు. రాజుకు చెందినదని అర్థమిచ్చే ఈ పదం సామాన్యుని జీవితానికి ఎప్పుడు, ఎలా వర్తించింది? నిజాం పాలనలోని తెలంగాణ చరిత్రను, ఒకప్పటి వరంగల్ జిల్లా మరిపెడ మండలంలోని చిన్నగూడూరులో జన్మించిన దాశరథి సోదరుల రచనలను ఆధారంగా చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పదం - పరంపర

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఆన్వీక్షికి, త్రయి, వార్తలతో పాటు దండనీతిని నాలుగో విద్యగా చెప్పాడు. తెలుగులో బద్దెన నీతిశాస్త్రముక్తావళి, మడికి సింగన సంధానించిన సకలనీతిసమ్మతము, ఆముక్తమాల్యదలో యామునాచార్యుడు కుమారునికి చేసిన బోధ ఈ పరంపరలోనివే. వీటిలో మాట్లాడేవాడు రాజుగానీ, రాజు మేలు కోరేవాడుగానీ. ప్రజ పాలనకు విషయమే తప్ప ప్రశ్నించే కర్త కాదు. పన్ను ఎంత తీసుకోవాలన్న ప్రశ్న ఉంటుంది. పన్ను కట్టేవాడు ఏమంటాడన్న ప్రశ్నకు చోటు తక్కువ. 'రాజకీయం' అన్న మాట ఈ దృష్టినే వారసత్వంగా మోసుకొచ్చింది.

నిషేధం చెప్పిన నిర్వచనం

నిజాం రాజ్యంలో రాజకీయమంటే ఏమిటో ముందుగా నిర్వచించింది సిద్ధాంతకర్తలు కాదు, ప్రభుత్వ ఉత్తర్వులు. 'గస్తీ నిషాన్ 53'గా పేరుపొందిన ఉత్తర్వు ప్రకారం సభ జరపాలంటే ముందుగా అనుమతి కావాలి. ఖాంగీ బడులకూ ఆంక్షలు తప్పలేదు. 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ పూర్తిగా ఏర్పడకముందే నిషేధానికి గురైంది. ఏది అనుమానాస్పదమో చెప్పే క్రమంలో ప్రభుత్వమే రాజకీయపు హద్దులను విశాలం చేసింది. గ్రంథాలయం, పాఠశాల, మాతృభాష అన్నీ ఆ హద్దులలోకి వచ్చాయి.

1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా కొందరు గేలి చేశారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జన సంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమ ఆంధ్రమహాసభ జరిగింది. తొలినాళ్లలో ఈ సంస్థ భాషా సాంస్కృతికాభివృద్ధిని, సంఘ సంస్కరణను ముందుంచుకొని, ప్రభుత్వంతో నేరుగా తలపడకుండా నడిచింది. అది కేవలం జాగ్రత్త కాదు. తన భాషలో సభ నడుపుకోవడం, తన బాధను తీర్మానంగా రాసుకోవడం అనే అలవాటు ఈ 'రాజకీయేతర' కాలంలోనే ఏర్పడింది. 1941 చిలుకూరు, 1944 భువనగిరి సభలకు రావి నారాయణరెడ్డి అధ్యక్షులయ్యే నాటికి భూమి, వెట్టి చర్చలో ముందుకొచ్చాయి. పల్లె జనం నోట మహాసభ 'సంగం' అయింది. 'బాంచెన్, నీ కాల్మొక్త' అన్న నోటితోనే 'సంగం' అనగలగడం సంబోధనలో వచ్చిన మార్పు. అధికార సంబంధంలో మార్పు మొదట అక్కడే వినిపిస్తుంది.

దాశరథి కృష్ణమాచార్య (1925-1987) కవిత్వం ఈ సందర్భంలోదే. నిజామాబాద్ జైలులో వట్టికోట ఆళ్వారుస్వామితో పాటు బందీగా ఉన్నప్పుడు ఆయన బొగ్గుతో గోడలమీద పద్యాలు రాశారు. అగ్నిధార, రుద్రవీణ ఈ అనుభవానికి దగ్గరి కాలపు కావ్యాలు. ఆముక్తమాల్యదలో రాజు తన వారసునికి చెబుతాడు. ఇక్కడ బందీ రాజునే నిలదీస్తాడు. ఛందస్సు పాతదే, మాట్లాడేవాడు మారాడు. రాజనీతి పద్యం తలకిందులైన చోటు ఇది.

గడీ: రాజ్యంలో రాజ్యం

నిర్ణీత భూభాగంలో న్యాయసమ్మతమైన బలప్రయోగంపై గుత్తాధిపత్యం ఉన్నదే రాజ్యమని, ఆ అధికారంలో వాటాకోసం చేసే ప్రయత్నమే రాజకీయమని మాక్స్ వేబర్ 1919లో ప్రచురితమైన ప్రసంగంలో వివరించాడు. హైదరాబాద్ రాజ్యానికి ఈ నిర్వచనం పూర్తిగా సరిపోదు. రాజ్యభూమిలో సుమారు 60 శాతం మాత్రమే దివానీ. సుమారు 10 శాతం నిజాం సొంత ఆస్తియైన సర్ఫేఖాస్, మిగిలినది జాగీర్లు, సంస్థానాల కింద ఉండేది. పెద్ద జాగీర్లకు తమ పోలీసు, తమ న్యాయస్థానాలు ఉండేవి. దివానీ గ్రామాల్లోనూ దేశ్‌ముఖులు, పటేల్, పట్వారీల మాటే చట్టం. బలప్రయోగం గుత్తగా లేదు, గడీ గడీకీ పంచబడి ఉంది.

దాశరథి రంగాచార్య (1928-2015) నవల చిల్లర దేవుళ్లు పేరులోనే ఈ పరిశీలన ఉంది. పెద్ద దేవుడు ఎక్కడో రాజధానిలో ఉన్నాడు. పల్లెవాడు నిత్యం మొక్కవలసింది చిల్లర దేవుళ్లకు, అంటే దొరకు, కరణానికి. దొర కూతురితో పాటు అత్తవారింటికి దాసిగా వెళ్లే 'ఆడబాప' ఆచారాన్ని నవల చిత్రించిన తీరులో, ఇంటి వ్యవహారంగా కనిపించేదే అధికారపు నగ్నరూపంగా తేలుతుంది. పోలీసు చర్య జరిగిన సుమారు రెండు దశాబ్దాలకు వచ్చిన ఈ నవల, రాజు పోయినంత మాత్రాన చిల్లర దేవుళ్లు పోయారా అన్న ప్రశ్నను పాఠకునికి వదులుతుంది.

సిద్ధాంతానికి వెట్టి వేసిన ప్రశ్న

హన్నా అరెంట్ 1958లో వెలువరించిన ది హ్యూమన్ కండిషన్‌లో రాజకీయాన్ని వేరుగా నిర్వచించింది. సమానులు బహిరంగంగా మాట్లాడుతూ, కలిసి కార్యానికి పూనుకోవడం ఆమె దృష్టిలో రాజకీయం. గ్రీకు నగరరాజ్యాన్ని ఆదర్శంగా తీసుకున్న ఆ ఆలోచనలో శ్రమ, జీవనావసరాలు ఇంటి పరిధికి చెందినవి. ఆంధ్రమహాసభ వేదికను అర్థం చేసుకోవడానికి ఈ నిర్వచనం వేబర్ నిర్వచనం కంటే ఎక్కువ ఉపకరిస్తుంది. అయితే వెట్టి దగ్గర అది ఆగిపోతుంది. వెట్టి శ్రమే, కూలి లేని నిర్బంధ శ్రమ. ఇక్కడ సభకు వచ్చినవారు శ్రమను ఇంట్లో వదిలి రాలేదు, శ్రమనే సభ ముందుకు తెచ్చారు. సమానులు కాబట్టి మాట్లాడలేదు, మాట్లాడి సమానత్వాన్ని కోరారు.

దీనివల్ల సమస్తమూ రాజకీయమే అనవలసి వస్తుందా? అలా అంటే పదానికి అర్థమే మిగలదు. దొర పెత్తనం తరతరాలుగా ఉంది. కర్మ, ఆచారం, నుదుటి రాత అన్న పేర్లతో చెలామణి అయినంతకాలం దానికి సంజాయిషీ అవసరం పడలేదు. 'ఇది ఎందుకు?' అని నలుగురిలో అడిగిన క్షణాన అదే వెట్టి రాజకీయ విషయమైంది. కాబట్టి అధికారం ఉన్న ప్రతిచోటా రాజకీయం ఉండదు. జవాబు చెప్పనవసరం లేదనుకున్న అధికారాన్ని బహిరంగంగా జవాబు అడిగిన చోట అది మొదలవుతుంది.

ఉపసంహారం

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. మాటలో మాత్రం రాజు కొనసాగాడు. నేడు 'దీన్ని రాజకీయం చేయవద్దు' అన్న హెచ్చరిక తరచుగా వినిపిస్తుంది. స్వార్థానికి వాడుకోవద్దన్న అర్థంలో అది సబబే. ప్రశ్నించవద్దన్న అర్థంలో అయితే అది గస్తీ నిషాన్ 53 భాషే. ఈ రెండు అర్థాలను వేరుచేసి చూపడానికి సిద్ధాంత గ్రంథాలతో పాటు తెలుగు పద్యం, నవల కూడా ఆధారాలవుతాయని చిన్నగూడూరు సోదరుల రచనలు నిరూపిస్తున్నాయి. తెలుగులో రాజకీయ సిద్ధాంత చరిత్ర రాయదలచినవారు నీతిశాస్త్రాల వద్ద ఆగక, జైలు గోడ మీది పద్యాన్ని, గడీ ముంగిట కథను కూడా మూలగ్రంథాలుగా స్వీకరించవలసి ఉంటుంది.