క్యాన్సర్ చికిత్సలో జ్వరం: రుజువు కోసం ఆగిన కాలం నుంచి ముందే మందిచ్చే కాలం దాకా

కీమోథెరపీ పొందుతున్న రోగి నోటి ఉష్ణోగ్రత ఒక్కసారైనా 101 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరినా, లేదా 100.4 డిగ్రీల దగ్గర గంటసేపు నిలిచినా, అదే సమయంలో మైక్రోలీటరు రక్తంలో న్యూట్రోఫిల్ కణాలు 500 కంటే తగ్గి ఉంటే, ఆ స్థితిని వైద్యులు ‘ఫెబ్రైల్ న్యూట్రోపీనియా’ అంటారు. న్యూట్రోఫిల్స్ అంటే బాక్టీరియాను మింగి చంపే తెల్ల రక్తకణాలు. ఈ స్థితిని గుర్తించిన వెంటనే, ఏ సూక్ష్మజీవి కారణమో తెలియకముందే, యాంటీబయాటిక్ రక్తనాళంలోకి ఎక్కించడం నేటి పద్ధతి. ఇది సహజమైన పనిగా తోచడానికి వైద్యలోకానికి చాలా కాలం పట్టింది, చాలా ప్రాణాలు పోయాయి.

ఈ కణాలు లేని శరీరం ఎంత నిస్సహాయమో క్యాన్సర్ మందులకు ముందే తెలిసింది. 1922లో బెర్లిన్ వైద్యుడు వెర్నర్ షుల్జ్, తెల్లకణాలు దాదాపు మాయమై, గొంతులో పుండ్లతో, తీవ్ర జ్వరంతో రోగులు మరణించే జబ్బును వర్ణించాడు. జ్వరానికీ నొప్పికీ విరివిగా వాడుతున్న అమిడోపైరిన్ అనే మందే అనేక కేసులకు కారణమని 1934లో అమెరికాలో తేలింది. జ్వరం తగ్గించే మందే ప్రాణాంతక జ్వరానికి దారితీయడం ఆనాటి వైద్యులకు పెద్ద హెచ్చరిక అయింది.

అయితే ఈ సమస్య ఆసుపత్రుల్లో నిత్యకృత్యమైంది 1948 తరువాతే. ఆ ఏడాది జూన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్, రక్త క్యాన్సర్ సోకిన పిల్లల్లో అమినోప్టెరిన్ అనే మందుతో వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని ప్రకటించాడు. ఆ మందును తయారుచేసిన లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. బెంజమిన్ డుగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా అదే పరిశోధనశాలలో రూపుదిద్దుకొని అదే ఏడాది వాడుకలోకి వచ్చింది. క్యాన్సర్ కణాన్ని చంపే మందు, ఆ చికిత్సలో దాపురించే సూక్ష్మజీవిని చంపే మందు ఒకే చోట నుంచి రావడం గుర్తుంచుకోదగినది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. వేగంగా విభజన చెందే కణాలన్నిటినీ దెబ్బతీసే ఈ మందులు ఎముక మూలుగనూ వదలవు కాబట్టి, మందు పనిచేస్తున్న రోజుల్లోనే న్యూట్రోఫిల్స్ పడిపోయి, జ్వరం వచ్చేది.

1960లలో ప్లేట్‌లెట్ల ఎక్కింపు అందుబాటులోకి వచ్చి రక్తస్రావ మరణాలు తగ్గడంతో, అక్యూట్ లుకేమియా రోగులను బలిగొంటున్నది ప్రధానంగా ఇన్ఫెక్షనేనని స్పష్టమైంది. 1966లో జెరాల్డ్ బోడీ, ఆయన సహచరులు 52 మంది రోగుల రక్తపరీక్షలను వారి ఇన్ఫెక్షన్లతో పోల్చి చూశారు. న్యూట్రోఫిల్స్ 1000 కంటే తగ్గినకొద్దీ ప్రమాదం పెరుగుతుందని, 100 కంటే తక్కువైతే అది అత్యధికమని, ఎన్ని రోజులు అలా ఉన్నాయన్నదీ అంతే ముఖ్యమని వారు చూపారు. అంతవరకు వైద్యుడి అనుభవానికే వదిలేసిన భయానికి ఆ పని ఒక కొలత ఇచ్చింది.

కొలత దొరికినా మరణాలు ఆగలేదు, ఎందుకంటే చికిత్స పద్ధతే రోగికి ఎదురుతిరిగింది. రక్తాన్ని కల్చర్‌కు పంపి, ప్రయోగశాలలో సూక్ష్మజీవి పెరిగే వరకు ఆగి, దానికి తగిన మందు ఎంచుకోవడం ఆనాటి సద్వైద్యం. అనవసరంగా మందు వాడరాదన్న ఆ నియమం మామూలు రోగి విషయంలో సరైనదే. కానీ న్యూట్రోఫిల్స్ లేనివారిలో చీము పట్టదు, న్యుమోనియా ఉన్నా ఎక్స్‌రేలో సరిగా కనిపించదు, చాలాసార్లు జ్వరం తప్ప మరో ఆనవాలుండదు. సూడోమోనాస్ అనే బాక్టీరియా రక్తంలో చేరితే, కల్చర్ ఫలితం వచ్చేలోపే ఎందరో చనిపోయేవారు. 1971లో బాల్టిమోర్‌లో స్టీఫెన్ షింఫ్, ఆయన బృందం ఈ క్రమాన్ని తలకిందులు చేసి, జ్వరం కనబడగానే కార్బెనిసిలిన్, జెంటామైసిన్ అనే రెండు మందులను కలిపి మొదలుపెట్టి, సూడోమోనాస్ సోకినవారిలోనూ చాలామందిని కాపాడగలిగారు. రుజువు లేకుండా అంచనాతో ఇచ్చే ఈ చికిత్సకు ‘ఎంపిరిక్ థెరపీ’ అని పేరు. ఈ చరిత్రలో అసలైన మలుపు ఇదే. తరువాతి కొత్త యాంటీబయాటిక్‌లన్నీ ఈ నిర్ణయానికి చేరిన పరికరాలే.

బాక్టీరియా అదుపులోకి వచ్చాక ఫంగస్ వంతు వచ్చింది. వారం రోజులు యాంటీబయాటిక్ ఇచ్చినా జ్వరం తగ్గని 50 మందిపై ఫిలిప్ పిజ్జో బృందం 1982లో ప్రచురించిన అధ్యయనంలో, ఫంగస్‌ను చంపే ఆంఫోటెరిసిన్ కూడా తోడు చేసినవారికి ఇన్ఫెక్షన్లు తక్కువగా వచ్చాయి. మూలుగను ప్రేరేపించి న్యూట్రోఫిల్స్ పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్‌కు 1991లో అమెరికాలో అనుమతి లభించగా, 2001లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ దానికి సమానమైన మందును గ్రాఫీల్ పేరుతో భారత మార్కెట్లోకి తెచ్చింది.

అందరికీ ఒకే స్థాయి చికిత్స అవసరమా అన్న ప్రశ్న ఆపైన వచ్చింది. ప్రమాదం తక్కువగా ఉన్నవారికి నోటిద్వారా ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్, అమాక్సిసిలిన్-క్లావులనేట్ జంట సరిపోతుందని 1999లో రెండు అధ్యయనాలు చూపాయి. 2000లో జీన్ క్లాస్టర్‌స్కీ నేతృత్వంలో ప్రమాద స్థాయిని అంచనా వేసేందుకు రూపొందిన మాస్క్ స్కోరులో, 26కు 21 లేదా అంతకు మించి వచ్చినవారిని తక్కువ ప్రమాదం గలవారిగా లెక్కిస్తారు. 2017లో వెలువడిన స్పెయిన్ అధ్యయనం, జ్వరం పోయి 72 గంటలు గడిచి రోగి కోలుకుంటే, న్యూట్రోఫిల్స్ పెరగకపోయినా మందు ఆపవచ్చని తెలిపింది.

ఆపడం నేర్చుకోవడం భారతదేశానికి మరింత అవసరం, ఎందుకంటే ఇక్కడి క్యాన్సర్ వార్డుల్లో కార్బపెనెమ్ వంటి బలమైన మందులకు కూడా లొంగని బాక్టీరియా పెరిగి, షింఫ్ కాలంలో ఫలించిన అంచనా ఇప్పుడు తప్పే అవకాశం ఎక్కువైంది. ఆసుపత్రి గుమ్మం తొక్కిన 60 నిమిషాల్లో మొదటి మోతాదు అందాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. కీమో తీసుకొని ఊరికి వెళ్లిన రోగి రాత్రి జ్వరానికి పారాసిటమాల్ బిళ్ల వేసుకొని తెల్లవారేదాకా ఆగినప్పుడు, ఉన్న ఒక్క ఆనవాలూ చెరిగిపోతుంది, పోగొట్టుకున్న ఆ గంటలు ఈ లెక్కలోకి రానేరావు.