రాని వాన, కురిసిన వాన: కరవు నవల తెరకెక్కినప్పుడు

నవల తెరకెక్కినప్పుడు ఏ పాత్ర తొలగింది, ఏ పాట చేరింది, ముగింపు ఏ తీరుగా మారింది అని లెక్కించడం మన విమర్శలో చిరకాలంగా ఉన్న పద్ధతి. ఆ లెక్క అవసరమే గాని, దానితోనే విచారణ ముగియదు. ప్రతి మార్పు వెనుక ఆ మాధ్యమపు అవసరం ఒకటి ఉంటుంది. ఆ అవసరం మూలంలోని ఏ జీవిత సత్యాన్ని తాకిందో తేల్చినప్పుడే మార్పుకు విలువ కట్టగలం. అనంతపురం పీఠభూమి మీద నిలబడి చూస్తే ఈ ప్రశ్న మరింత నిశితమవుతుంది. ఇక్కడి సాహిత్యానికి ప్రధాన వస్తువు కరవు. దృశ్యమాధ్యమానికి కావలసింది సంఘటన. కరవు మాత్రం సంఘటన జరగకపోవడం. వాన రాకపోవడాన్ని తెర ఏ విధంగా చూపగలదు? చూపలేనప్పుడు దాని స్థానంలో దేనిని నిలుపుతుంది? ఈ రెండు ప్రశ్నలకు నవలానువర్తన చరిత్రలోంచి సమాధానం వెదకడం ఈ వ్యాసం ఉద్దేశం.

కరవు - కథాకాలం

అనంతపురం ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య మేఘాలు తూర్పుతీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. ఈ రెంటి నడుమ చిక్కిన నేలలో ఒక్క అదను తప్పితే వేరుసెనగ పంట దక్కదు. కరవు ఇక్కడ ఒకనాడు వచ్చి మరొకనాడు పోయేది కాదు. బావి నీరు దిగుతుంది, మేత తరుగుతుంది, అప్పు పెరుగుతుంది, పల్లెలో ఒక్కొక్క ఇంటికీ తాళం పడుతుంది. ఇందులో ఏ ఒక్క ఘట్టాన్నీ ‘ఇదే కరవు’ అని వేలుపెట్టి చూపలేము.

ఈ నిదాన క్షయాన్ని పట్టుకోవడానికి అక్షరం అనువైన సాధనమైంది. తరిమెల గ్రామంలో పుట్టిన విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లో (1956) రంగడు, గంగమ్మల సంసారం ద్వారా ఒక సీమ ఎండిపోవడాన్ని కావ్యం చేశాడు. సింగమనేని నారాయణ ‘జూదం’ వంటి కథల్లో సేద్యమే జూదమైన స్థితిని చూపాడు. వీరి రచనల్లో ప్రతినాయకుడు ఎదుటపడడు. పీడించేది కాలం, అప్పు, అంగడి, పాలన. వీటికి ముఖం లేదు. తెరకు మాత్రం ముఖం కావాలి. సమస్య ఇక్కడినుంచే మొదలవుతుంది.

వాన ముగింపు: ‘గైడ్’

కరవు నవల తెరకెక్కినప్పుడు జరిగే మార్పునకు భారతీయ సాహిత్యంలో సుప్రసిద్ధమైన ఉదాహరణ ఆర్.కె. నారాయణ్ ‘ది గైడ్’. 1958లో వెలువడిన ఈ నవలకు 1960లో కేంద్ర సాహిత్య అకాదెమీ పురస్కారం లభించింది. 1965లో విజయ్ ఆనంద్ దర్శకత్వంలో హిందీ చిత్రమైంది. జైలునుంచి విడుదలైన రాజును ఒక గ్రామం స్వామిగా భావిస్తుంది. అనావృష్టి ముదిరినప్పుడు వాన కోసం అతడు నిరాహారదీక్ష చేయక తప్పని పరిస్థితి ఏర్పడుతుంది. నవల చివర కొండల్లో వాన కురుస్తున్నదని చెబుతూ అతడు ఒరిగిపోతాడు. నిజంగా వాన కురిసిందో లేదో, అతడు మరణించాడో లేదో రచయిత చెప్పడు. చిత్రంలో వాన కురుస్తుంది, రాజు మరణిస్తాడు, జనం తరిస్తారు.

ఈ ఒక్క మార్పుతో రచన తత్త్వమే మారింది. నవలలో కరవు మనిషి విశ్వాసానికీ ప్రకృతి ఉదాసీనతకూ మధ్య తెగని ప్రశ్నగా మిగిలింది. చిత్రంలో అది త్యాగానికి లొంగింది. గమనింపదగిన విషయం మరొకటి ఉంది. దీక్షలో ఉన్న రాజును చిత్రించడానికి ఒక అమెరికన్ కెమెరాతో రావడం నవలలోనే ఉన్నది. కరవును కెమెరా తమాషాగా మార్చగలదని మూలరచనే ముందుగా సూచించింది. స్థలం విషయంలోనూ మార్పు జరిగింది. మాల్గుడి కథ రాజస్థాన్ నేపథ్యానికి తరలిపోయింది. ఈ అనువర్తనం పట్ల తన అసంతృప్తిని నారాయణ్ ఒక వ్యాసంలో వెల్లడించాడు.

తెలుగులో నవల - తెర

తెలుగు చలనచిత్రం తొలినాళ్లలోనే నవలను ఆశ్రయించింది. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టరు పార్వతీశం’ 1940లో తెరకెక్కింది. డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ అయింది. శీర్షికలో వచ్చిన మార్పే ఆ అనువర్తన స్వభావాన్ని చెబుతుంది. ఇందిర అనే స్వతంత్ర వ్యక్తిత్వం చుట్టూ తిరిగిన నవల, ముగ్గురు యువతుల కుటుంబ వినోదకథగా విస్తరించింది. విశ్వనాథ ‘ఏకవీర’ 1969లో చిత్రమైంది. యద్దనపూడి సులోచనారాణి నవలలు 1970వ దశకంలో వరుసగా తెరకెక్కాయి.

ఈ ధారకు భిన్నంగా నిలిచింది గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ (1980). దీనికి ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. ఉరికంబం ఎక్కబోయే యువకుడి జ్ఞాపకాలుగా నడిచిన ఆ నవలను చిత్రం కాలక్రమంలోకి మార్చి, ఒక ఊరి చరిత్రగా నిలిపింది. ఇక్కడ మార్పు మూలాన్ని కుదించలేదు. వ్యక్తి స్మృతిని సామూహిక చరిత్రగా విస్తరించింది. మూలం నుంచి తొలగిన ప్రతి అనువర్తనమూ ద్రోహం కాదనడానికి ఇది చాలు.

బుల్లితెర: నిడివి ఉన్నా నేల లేదు

దూరదర్శన్ హైదరాబాదు కేంద్రం 1977లో ప్రసారాలు మొదలుపెట్టింది. 1980వ దశకంలో జాతీయ ప్రసారాల్లో సాహిత్య ధారావాహికలు ఒక గౌరవ స్థానాన్ని పొందాయి. శంకర్ నాగ్ ‘మాల్గుడి డేస్’ (1987), గోవింద్ నిహలానీ ‘తమస్’ (1988) వీటిలో ముఖ్యమైనవి. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ శ్యామ్ బెనెగల్ చేతిలో హిందీ ధారావాహికగా వచ్చింది. కృష్ణాతీరపు ఊరు దేశానికంతటికీ తెలిసింది గాని, ఆ ఊరి మాట తెలుగులో వినిపించలేదు. అందులో లాభమూ ఉంది, నష్టమూ ఉంది.

1995లో ప్రైవేటు తెలుగు చానళ్లు రావడంతో దైనందిన ధారావాహిక స్థిరపడింది. ఇక్కడొక వైచిత్రి ఉంది. కరవు కథకు కావలసింది నిడివి. రెండున్నర గంటల చిత్రానికి లేని ఆ నిడివి, వందల భాగాలుగా సాగే ధారావాహికకు పుష్కలంగా ఉంది. అయినా ఆ నిడివి ఇంటి నాలుగు గోడల మధ్యనే ఖర్చయింది. ప్రతిరోజూ ఒక భాగాన్ని అందించవలసిన నిర్మాణానికి హాలు, వంటగది, పడకగది చాలు. బీడు, చెరువు, మంద, వలస ఆ వ్యవస్థలో ఇమడవు. కరవును చెప్పగల కాలం బుల్లితెరకు ఉన్నది, కరవు ఉన్న నేల మాత్రం దాని పరిధిలోకి రాలేదు.

‘కొండపొలం’: తెరకెక్కిన కరవు

ఈ నేపథ్యంలో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ విశేష పరిశీలనకు అర్హమైనది. 2019లో తానా నవలా బహుమతి పొందిన ఈ రచన, క్రిష్ జాగర్లమూడి దర్శకత్వంలో చిత్రమై 2021 అక్టోబరు 8న విడుదలైంది. ఊళ్లో మేతా నీరూ అడుగంటినప్పుడు గొర్రెల కాపరులు మందలను నల్లమలకు తోలుకుపోయి వారాల తరబడి అక్కడే ఉండటం కొండపొలం. రచయిత కడప జిల్లావాడు, కథ నల్లమలది. అయినా ఎండిన పల్లెలో మందను బతికించుకోవాలనే ఆరాటం అనంతపురం కాపరికి పరాయిది కాదు.

చిత్రంలో వచ్చిన మార్పులు మూడు ముఖ్యమైనవి. మొదటిది, నవలలో లేని ఓబులమ్మ అనే నాయిక పాత్ర చేరిక. వాణిజ్య చిత్రానికి ప్రణయం ఒక షరతు కనుక ఈ చేరిక ఊహించదగినదే. రెండవది, కథను ఉద్యోగపు ఇంటర్వ్యూ చట్రంలో నిలపడం. రవీంద్ర విజయం వైపు నడుస్తున్నాడని ప్రేక్షకుడికి ముందే తెలుస్తుంది కాబట్టి, కరవు అతడి వ్యక్తిత్వానికి శిక్షణాలయంగా కనిపిస్తుంది. మందను కోల్పోతామన్న సామూహిక భయం, పిరికితనాన్ని జయించే వ్యక్తిగత యాత్రగా మారుతుంది. మూడవది, పెద్దపులికి దక్కిన ప్రాధాన్యం. ముఖంలేని కరవుకు తెర వెదికిన ముఖం పులిలో దొరికింది. పులితో తలపడవచ్చు, గెలవవచ్చు. కరవుతో ఆ వీలు లేదు. చిత్రీకరణ చాలావరకు వికారాబాదు అడవుల్లో జరిగిందన్నది కూడా గమనింపదగినది. తెర మీద నల్లమల పేరుతో మరొక అడవి నిలిచింది.

ఈ మార్పులను ద్రోహంగా కొట్టిపారేయడానికి రెండు కారణాలు అడ్డు వస్తాయి. చిత్రానికి సంభాషణలు సమకూర్చింది నవలా రచయితే. మూలకర్తే భాగస్వామి అయినప్పుడు విధేయత అనే కొలమానం ఒక్కటే సరిపోదు. రెండవ కారణం మరింత బలమైనది. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘ఇంద్ర’ (2002) వంటి చిత్రాల తరువాత రాయలసీమ అంటే తెర మీద వేటకొడవలి, నాటుబాంబు అనే ముద్ర పడింది. సీమ యాస బెదిరింపు భాషగా స్థిరపడింది. ‘కొండపొలం’లో అదే యాస గొర్రె జబ్బుల గురించీ, నీటిమడుగుల గురించీ, బిడ్డ చదువు గురించీ పలికింది. ‘మా భూమి’ కథానాయకుడు సాయిచంద్ ఇందులో కాపరి తండ్రిగా నటించడం, నాలుగు దశాబ్దాల దూరంలోని రెండు నవలానువర్తనాలను కలిపే దారం. కరవు వెనక్కి జరిగినా, కరవు మనుషులు ముందుకు వచ్చారు.

తెరకెక్కనివి

అనంతపురం నవల ఈ చరిత్రలో ఇంకా వెలుపలే ఉన్నది. చిలుకూరి దేవపుత్ర ‘పంచమం’ ఈ నేల మీది దళిత జీవితాన్ని చిత్రించింది. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ 18వ శతాబ్దపు అనంతపురం సీమను, హండె పాలకుల కాలాన్ని పునర్నిర్మించి 2019లో కేంద్ర సాహిత్య అకాదెమీ పురస్కారం పొందింది. ఇదీ తానా బహుమతి పొందిన నవలే. అయితే ఇందులో ఒక్క నాయకుడి యాత్ర లేదు. అనేక కులాల, వృత్తుల బతుకులు అల్లుకొని ఉన్నాయి. ఒకే మనిషి భుజం మీద కథను మోయించే చిత్రానికి ఇది లొంగదు. బహుపాత్ర కథనాన్ని ఓపికగా చెప్పగల పరిమిత ధారావాహిక దీనికి తగిన రూపం. ‘తమస్’ ఆ మార్గాన్ని ఎప్పుడో చూపింది.

పై పరిశీలన వల్ల తేలేది ఇది. తెర కరవు నవలకు ముగింపును ఇస్తుంది, ముఖాన్ని ఇస్తుంది, నాయకుణ్ణి ఇస్తుంది. ముగింపుతో అనిశ్చితి పోతుంది, ముఖంతో కారణాల గొలుసు తెగుతుంది, నాయకుడితో ఊరు నేపథ్యమవుతుంది. ‘గైడ్’లో మొదటిది, ‘కొండపొలం’లో తక్కిన రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. కనుక అనువర్తనాన్ని అంచనా వేసేటప్పుడు మూలానికి ఎంత దగ్గరగా ఉన్నదని మాత్రమే గాక, బాధకు కారణాలను చూపిందా, దాచిందా అని కూడా అడగాలి. కరవు సీమకు ఇది కేవలం కళా చర్చ కాదు. వాన ఒక వీరుడి వల్ల కురుస్తుందని నమ్మిన ప్రేక్షకుడు చెరువు ఎందుకు పూడిందని అడగడు. ఆ ప్రశ్నను సజీవంగా ఉంచిన నవలలను తెరకెక్కిన రూపంతో పాటు తరగతి గదిలో పక్కపక్కనే చదివించడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని.