కుక్క కంటిశుక్లం: చికిత్స నడిచి వచ్చిన దారి

కంటిలోని కటకం తేటదనం పోగొట్టుకుని తెల్లబడటమే శుక్లం. కటకంలో రక్తనాళాలు ఉండవు. నీరు, ప్రొటీన్లతో నిండిన సన్నని పోగులు ఒక వరసలో అమరి ఉంటాయి. ఆ వరస చెదిరితే వెలుతురు రెటీనా దాకా సూటిగా చేరదు. కుక్క కటకం సుమారు 7 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, అంటే మనిషి కటకానికి దాదాపు రెట్టింపు. ఒకసారి తెల్లబడిన కటకాన్ని మళ్లీ తేటపరిచే మందు ఇప్పటికీ లేదు. కాబట్టి చికిత్స చరిత్ర అంతా రెండు ప్రశ్నల మీదే నడిచింది: చెడిన కటకాన్ని చూపు దారిలోంచి ఎలా తప్పించాలి, ఎప్పుడు తప్పించాలి? మొదటిదానికి జవాబు మనుషుల వైద్యం నుంచి కుక్కలకు వచ్చింది. రెండోదానికి జవాబు కుక్క కన్నే చెప్పింది. మనుషుల వైద్యంలో తరతరాలుగా పాటించిన నియమానికి అది పూర్తిగా ఎదురు.

సూదితో నెట్టే కాలం

శుక్లానికి అతి పాత శస్త్రచికిత్స కటకాన్ని బయటికి తీయడం కాదు, కంటిలోనే పక్కకు నెట్టడం. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం లింగనాశమనే వ్యాధికి చెప్పిన చికిత్స ఇదే. రోగి తన ముక్కునే చూస్తూ కూర్చోవాలి. వైద్యుడు ఎడమ కంటికి కుడిచేత్తో, కుడి కంటికి ఎడమచేత్తో యవగింజ మొన లాంటి కొస ఉన్న శలాకను గుచ్చాలి. సరైన చోట దిగితే చిన్న శబ్దం వినబడి, ఒక నీటిబొట్టు పైకి వస్తుంది. ఆ వెంటనే కంటిని చనుబాలతో తడపాలి. చూపు తెలిశాక శలాకను మెల్లగా తీసి, నేతిలో తడిపిన దూదితో కట్టు కట్టాలి. రోగి వెల్లకిలా పడుకుని తుమ్ము, దగ్గు, త్రేన్పు రాకుండా చూసుకోవాలి. రోమన్ రచయిత సెల్సస్ కూడా క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఇలాంటి పద్ధతినే వర్ణించాడు.

నెట్టిన కటకం కంటి అడుగున పడి ఉంటుంది. వెలుతురుకు దారి దొరకడంతో రోగికి అప్పటికప్పుడు ఆకారాలు కనిపిస్తాయి. అయితే సూదిపోటు వల్ల పట్టిన చీము, లోపలే మిగిలిన కటకం రేపే వాపు, పెరిగే ఒత్తిడి చాలా కళ్లను ఆ తరవాత నెలల్లో గుడ్డివి చేసేవి. 20వ శతాబ్దం మొదట్లో మద్రాసు ప్రభుత్వ కంటి ఆసుపత్రి అధిపతిగా ఉన్న రాబర్ట్ హెన్రీ ఇలియట్ ఈ నష్టాన్ని దగ్గరగా చూశాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ఊరూరా తిరిగే సూది వైద్యుల చేతిలో చెడిన కళ్లను ఆయన పరీక్షించి, 1917లో లండన్‌లో ఇచ్చిన హంటేరియన్ ఉపన్యాసాల్లో ఆ వివరాలు వెల్లడించాడు.

ఈ పాత పద్ధతి ఛాయ ఒకటి నేటి పశువైద్యంలోనూ మిగిలి ఉంది. టెర్రియర్ జాతుల్లో కటకం పట్టు తప్పి కంటి ముందుగదిలోకి జారి వస్తుంది. ఆపరేషన్‌కు వీలుకాని కొన్ని కేసుల్లో దాన్ని పైనుంచి మెల్లగా ఒత్తి వెనక్కి పంపి, మళ్లీ ముందుకు రాకుండా కంటిపాపను చిన్నగా ఉంచే చుక్కలు వేస్తారు.

బయటికి తీసే కాలం

కటకం ముందు చెడునీరు దిగి గడ్డకట్టిన తెర వల్లే శుక్లం వస్తుందని ఐరోపా వైద్యులు చాలాకాలం నమ్మారు. 1705లో ఫ్రాన్స్‌లో పియెర్ బ్రిస్సో శవపరీక్ష ఆధారంగా, చెడింది కటకమేనని తేల్చాడు. చెడింది ఏదో తెలిసింది గనుక దాన్ని బయటికి తీసే ఆలోచన పుట్టింది. ఫ్రెంచి కంటి వైద్యుడు జాక్ దవియెల్ 1747లో కార్నియా దిగువ అంచును కోసి, కటకం సంచిని చీల్చి, లోపలి పదార్థాన్ని బయటికి నెట్టాడు. 1752లో తన అనుభవాన్ని పారిస్ శస్త్రచికిత్సకుల అకాడమీ ముందు పెట్టాడు.

శుక్లం ముదిరాకే ఆపరేషన్ అనే నియమం ఈ పద్ధతి వెంటే వచ్చింది. లేత శుక్లంలో జిగురు లాంటి పదార్థం సంచికి అంటుకుని వెనక మిగిలిపోతుంది, వాపు తెస్తుంది. పూర్తిగా ముదిరితే గట్టి ముద్దలా ఒక్కసారిగా ఊడి వస్తుంది. అందుకే రోగులను ఏళ్ల తరబడి ఆగమనేవారు. తెలుగు ఊళ్లలో ఇప్పటికీ వినిపించే ‘పొర ఇంకా ముదరలేదు’ అనే మాట ఆ కాలం నాటిదే.

నొప్పి సమస్య 1884లో తీరింది. వియన్నాలో కార్ల్ కోలర్ కొకైన్ ద్రావణం కంటిని మొద్దుబారుస్తుందని మొదట కప్ప కంటి మీద, తరవాత కుందేలు, కుక్క కళ్ల మీద పరీక్షించి, ఆఖరికి తన కంటిలోనే వేసుకుని చూశాడు. అయితే చుక్కలతో మెలకువలోనే కదలకుండా ఉండటం మనిషికి సాధ్యం, కుక్కకు కాదు. ప్రాణాపాయం లేకుండా పూర్తి మత్తు ఇచ్చే పద్ధతులు కుదిరేదాకా కుక్క కంటిలో సున్నితమైన పని చేసే వీలు లేకపోయింది.

గుర్రపు వైద్యుల నుంచి కుక్కల వైద్యుల దాకా

1762లో లియాన్‌లో క్లోద్ బూర్జెలా తెరిచిన మొదటి పశువైద్య పాఠశాల గుర్రాల కోసం, పశువులను కబళించే మహమ్మారి రోగాలను అరికట్టడం కోసం పుట్టింది. ఇంటి కుక్క అప్పుడు ఆ లెక్కలో లేదు. మోటారు వాహనాలు గుర్రాల చోటు ఆక్రమించాక, 20వ శతాబ్దంలో, పశువైద్యుల చూపు పెంపుడు జంతువుల వైపు మళ్లింది.

శుక్లం తీయడంలో అప్పటికి మనుషులకు రెండు దారులున్నాయి. ఒకటి సంచి చీల్చి లోపలి పదార్థాన్ని తీయడం, రెండోది సంచితో సహా కటకాన్ని మొత్తంగా తీయడం. కుక్కలో రెండోది బెడిసికొట్టింది. కటకం వెనక ఉన్న జెల్లీ లాంటి ద్రవ్యం దాని సంచికి గట్టిగా అతుక్కుని ఉంటుంది. కటకాన్ని లాగితే అదీ వెంట వచ్చి రెటీనాను ఊడదీస్తుంది. మొదటి పద్ధతికి కార్నియా చుట్టుకొలతలో దాదాపు సగం కోయాలి. అలా కంటిని తెరవగానే లోపలి నీటిలో ఫైబ్రిన్ అనే ప్రొటీన్ గడ్డకట్టి, కంటిపాప కుంచించుకుపోయి, వైద్యుడికి పని చేసే చోటే మూసుకుపోయేది. ఆపరేషన్ బాగా జరిగిందనుకున్న కన్ను కూడా వారాల్లో వాపుతో మసకబారేది.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ప్రాక్టీసు చేసిన విలియం మగ్రేన్ ఈ రంగానికి క్రమశిక్షణ తెచ్చాడు. 1961లో 104 శుక్లం ఆపరేషన్ల ఫలితాలను, 1969లో 429 కేసుల ఫలితాలను ప్రచురించాడు. ఈ మధ్యలో 1965లో కుక్కల కంటి వైద్యంపై ఆయన రాసిన పాఠ్యగ్రంథం వెలువడింది. ఎలాంటి కంటికి ఆపరేషన్ పనికొస్తుంది, ఏ కంటిని ముట్టుకోకూడదు అన్న విచక్షణ ఇలాంటి లెక్కల నుంచే పుట్టింది.

ముదరనివ్వడమే ముప్పు

కుక్క కంటిలో వాపు ఎందుకంత తీవ్రం? కటకం ప్రొటీన్లు పిండదశ నుంచీ సంచిలో మూసి ఉంటాయి. దేహరక్షణ వ్యవస్థకు వాటితో పెద్దగా పరిచయం ఉండదు. శుక్లం ముదిరి కటకం నీరుగా మారుతుంటే ఆ ప్రొటీన్లు సంచిలోంచి బయటికి ఊరతాయి. దేహం వాటిని శత్రువులుగా తీసుకుంటుంది. కన్ను ఎర్రబడుతుంది, కంటిపాప సన్నబడి కటకానికి అతుక్కుంటుంది. పోనుపోను నీటికాసులు వస్తాయి, లేదా రెటీనా ఊడుతుంది. అప్పుడు కటకం తీసినా చూపు రాదు.

అంటే మనిషికి శ్రేయస్కరమనుకున్న నిరీక్షణే కుక్కకు చేటు అయింది. ఆపరేషన్‌కు ముందే స్టెరాయిడ్, ఇతర వాపు నివారణ మందులు వేయడం, కంటిని కడిగే ద్రవంలో గడ్డకట్టకుండా హెపారిన్ కలపడం ఆచరణలోకి వచ్చాక ఫలితాలు మెరుగుపడ్డాయి. వాపు మొదలుకాక ముందే, శుక్లం లేతగా ఉండగానే తీయాలన్న అవగాహన స్థిరపడింది. లేత శుక్లాన్ని శుభ్రంగా తీయగల పనిముట్టు అందాకే అది పూర్తిగా ఆచరణకు వచ్చింది.

ఆ పనిముట్టుకు ప్రేరణ పంటి వైద్యుడి కుర్చీలో దొరికింది. పళ్ల గార తీసే అల్ట్రాసౌండ్ సాధనం చూసి న్యూయార్క్ కంటి వైద్యుడు చార్లెస్ కెల్మన్ ఫేకో పద్ధతిని రూపొందించి 1967లో ప్రకటించాడు. సెకనుకు వేలసార్లు కంపించే బోలు సూది కటకాన్ని పిండి చేసి పీల్చేస్తుంది. సుమారు 3 మిల్లీమీటర్ల కోత సరిపోతుంది. కన్ను కుంగిపోకుండా నిలబెట్టే హైయలూరోనేట్ జిగురు కూడా ఆ తరవాత అందింది. ఎండ్రే బలాజ్ అనే పరిశోధకుడు కోడిపుంజుల తురాయిల నుంచి శుద్ధి చేసిన ఆ పదార్థాన్ని పందెపు గుర్రాల కీళ్లకు కూడా వాడారు.

కుక్కల్లో 1980-84 మధ్య ఫేకో పద్ధతిలో చేసిన 56 కేసుల ఫలితాలు 1987లో వెలువడ్డాయి. 1991లో 182 కుక్కలపై ఫేకోతో పాటు కృత్రిమ కటకం అమర్చిన అనుభవం ప్రచురితమైంది. కృత్రిమ కటకం ఆలోచన కంటి వైద్యుడు హెరాల్డ్ రిడ్లీది. రెండో ప్రపంచయుద్ధంలో విమాన పైలట్ల కళ్లలో గుచ్చుకున్న యాక్రిలిక్ ముక్కలు వాపు తేకపోవడం గమనించి, ఆయన 1949లో లండన్‌లో ఆ పదార్థంతోనే చేసిన కటకాన్ని రోగి కంటిలో ఉంచాడు. కటకం శక్తిని డయాప్టర్లలో కొలుస్తారు. మనిషికి సాధారణంగా 20 డయాప్టర్ల చుట్టుపక్కల శక్తి సరిపోతుంది. కుక్క కంటి కొలతలు వేరు కాబట్టి దానికి 41 డయాప్టర్లు కావాలని 1990ల మొదట్లో తేలింది. కటకం తీసి ఏమీ అమర్చకపోతే కుక్కకు సుమారు 14 డయాప్టర్ల దూరదృష్టి వస్తుంది. నడవగలదు, గోడలు తప్పించుకోగలదు, కానీ దగ్గరి వస్తువులు అలుక్కుపోతాయి.

షుగర్, వంశం

కుక్కకూ మధుమేహానికీ ఉన్న సంబంధం వైద్యచరిత్రలో ముఖ్యమైనది. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో ఫన్ మేరింగ్, మింకోవ్‌స్కీ క్లోమం తీసేసిన కుక్కకు మధుమేహం రావడం గమనించారు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ క్లోమపు సారం మధుమేహాన్ని అదుపు చేస్తుందని చూపింది కుక్కల మీదే. ఇన్సులిన్ వచ్చాక మధుమేహపు కుక్కలు ఏళ్ల తరబడి బతకసాగాయి, వాటితో పాటు శుక్లం సమస్యా కనిపించింది. రక్తంలో చక్కెర పెరిగితే కటకంలో అది సార్బిటాల్‌గా మారి పేరుకుంటుంది. ఎలుకల కటకాల్లో ఈ మార్పును రూత్ వాన్ హైనింగెన్ 1959లో గుర్తించింది. సార్బిటాల్ నీటిని లాగడంతో కటకం ఉబ్బుతుంది. 1999లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, మధుమేహం బయటపడ్డ కుక్కల్లో సగానికి ఆరు నెలల్లోపు, 80 శాతానికి సుమారు 16 నెలల్లోపు శుక్లం వచ్చింది. కొన్నిటికి రోజుల వ్యవధిలోనే కళ్లు తెల్లబడతాయి. ఉబ్బు వేగానికి సంచి పగిలే ప్రమాదం కూడా ఉంది.

జాతి కుక్కల్లో ఎక్కువ శుక్లాలు వంశపారంపర్యమైనవి. బోస్టన్ టెర్రియర్, స్టాఫర్డ్‌షైర్ బుల్ టెర్రియర్‌లలో చిన్నవయసు శుక్లానికి హెచ్‌ఎస్‌ఎఫ్4 అనే జన్యువులోని లోపం కారణమని 2006లో కనుగొన్నారు. అప్పటి నుంచి జన్యుపరీక్షతో లోపాన్ని పట్టి, ఆ కుక్కలను జతకట్టకుండా ఆపడం సాధ్యమైంది. శుక్లాన్ని రాకుండా చేసే చికిత్స అంటూ ఏదైనా ఉంటే ఇప్పటికి ఇదే.

చుక్కల మందుతోనే శుక్లం కరుగుతుందన్న ఆశ మాత్రం చావలేదు. 2015లో నేచర్ పత్రికలో లానోస్టెరాల్ అనే పదార్థం కుక్కల శుక్లాన్ని తగ్గించిందన్న వ్యాసం పెద్ద సంచలనమైంది. తరవాత ఇతర పరిశోధకులు మనుషుల కటకాల మీద చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం కనిపించలేదు. శుక్లం కరిగిస్తామని అమ్మే చుక్కలు ఆపరేషన్‌కు ప్రత్యామ్నాయమని చూపే గట్టి రుజువు లేదు.

నేటి ఆచరణ

ఇప్పుడు ఆపరేషన్‌కు ముందు రెండు పరీక్షలు తప్పనిసరి. రెటీనా పనిచేస్తోందా అని విద్యుత్ స్పందనలు కొలిచే పరీక్ష ఒకటి, రెటీనా ఊడిందా అని చూసే అల్ట్రాసౌండ్ మరొకటి. పూర్తి మత్తులో ఫేకో చేసి, మడతపెట్టగల కృత్రిమ కటకం అమరుస్తారు. ఆ తరవాత మెడకు రక్షణ కాలర్ తగిలించి, వారాల తరబడి రోజుకు పలుమార్లు చుక్కలు వేయాలి. మొదట్లో ఎక్కువ కుక్కలకు చూపు వస్తుంది. నీటికాసులు, రెటీనా ఊడటం వంటి చిక్కులు ఏళ్లు గడిచాక కూడా రావచ్చు గనుక జీవితాంతం పరీక్షలు కావాలి. మన దగ్గర చెన్నైలోని మద్రాసు పశువైద్య కళాశాల వంటి చోట్ల ఈ చికిత్స జరుగుతోంది.

ఖర్చు వల్లో, వయసు, ఇతర జబ్బుల వల్లో ఆపరేషన్ వద్దనుకున్నా కంటిని గాలికి వదలకూడదు. వాపు తగ్గించే చుక్కలు క్రమంగా వేయాలి, కంటి ఒత్తిడి చూపించుకోవాలి. వాసన, వినికిడితో కుక్క ఇల్లంతా తిరగగలదు, సామాను చోట్లు మార్చకపోతే చాలు.

ఏడెనిమిదేళ్లు దాటిన కుక్క కళ్లలో కనిపించే నీలిబూడిద మసకంతా శుక్లం కాదు. వయసుతో కటకం మధ్యభాగం గట్టిపడినా అలాగే కనబడుతుంది, అది చూపును పెద్దగా అడ్డుకోదు. ఈ రెంటినీ పశువైద్యుడు కంటిపాపను పెద్దది చేసి చూసి వేరుచేయగలడు. కుక్క కన్ను తెల్లబడితే, అందులోనూ దానికి షుగర్ ఉంటే, ముదిరేదాకా ఆగకుండా వెంటనే చూపించాలి.